దారప్పోగు కత్తిరించే దయ్యం

అమ్మమ్మకి బతుకులో ఒకటే కొరత. ఆవిడంటే ఎవరికీ భయం లేదు.

మిగతావన్నీ ఉన్నాయి. వీధి వైపు కిటికీ, కిటికీ కింద కాలితో తొక్కే కుట్టు మిషను, గోడ నిండా మేకులు, మేకులకి ఇంకా కాజాలు కుట్టని చొక్కాలు, ఒక మొగుడు. మొగుడంటే తాతయ్య. గుండీలు కుట్టడం, ఇస్త్రీ చెయ్యడం, అడగకుండానే సలహాలివ్వడం ఆయన పని. భయం ఒక్కటే లేదు. "రేపటికల్లా కావాలి పిన్నీ" అని గుడ్డ పడేసి పోయి నెలల తరబడి మొహం చూపించనివాళ్ళూ, కొలతలు తీసేటప్పుడు పొట్ట లోపలికి పీల్చి తర్వాత "బిగుతు చేసేశావ్" అని దబాయించేవాళ్ళూ, అందరూ ఆవిడ నెత్తికెక్కినవాళ్ళే. ఆవిడ కళ్ళెర్రజేస్తే, "నిద్ర సరిపోలేదా అమ్మమ్మా" అని పిల్లలు జాలిపడేవాళ్ళు. పిల్లి సంగతి చెప్పనే అక్కర్లేదు. కత్తిరించే గుడ్డ మీదే పడుకుని, కత్తెర దగ్గరికొచ్చేకొద్దీ ఇంకాస్త ఒళ్ళు విరుచుకునేది.

దీనికంతటికీ ఆవిడ అలవాటే కారణమని తాతయ్య వాదన. ఎవరి బట్ట మీదైనా దారప్పోగు వేలాడుతూ కనిపిస్తే అమ్మమ్మ చెయ్యి ఆగదు. మెళ్ళో నాడాకి చిన్న కత్తెర ఎప్పుడూ వేలాడుతుంటుంది. బస్సులో ముందు సీటు మనిషి కాలరు, మందు రాస్తున్న డాక్టరు తెల్లకోటు, ఏదీ వదల్లేదు. ఒకసారి ఒకాయన చొక్కా పొట్టిగా కుట్టిందని తిట్టడానికే పనిగట్టుకుని వచ్చాడు. మాట మధ్యలో ఆయన చొక్కా చేతి అంచు పట్టుకుని, పోగు టక్కున కత్తిరించి, వేలికి చుట్టుకుని, "ఆఁ, ఇప్పుడు చెప్పు" అంది. ఆయన చెప్పాల్సింది మర్చిపోయి ఇంకో చొక్కాకి కొలతలిచ్చి వెళ్ళాడు.

అలాంటి మనిషిని దయ్యం చేద్దామన్న ఆలోచన గళ్ళచొక్కాకి తప్ప ఎవరికీ రాదు. బడికి వెళ్ళినన్నాళ్ళూ అమ్మమ్మ కుట్టిన ఒకే గళ్ళచొక్కా వేసుకెళ్ళాడు కాబట్టి వాడు డైరెక్టరయ్యాక కూడా వీధికి గళ్ళచొక్కాయే. నాలుగు దయ్యం కథలు కలిపి, అరువు తెచ్చిన కెమెరాతో ఒక సినిమా తీశాడు. అందులో ఒక కథకి కుట్టు మిషను కావాల్సి అమ్మమ్మ గదికొచ్చాడు. మిషనుతో పాటు తొక్కే దయ్యం కూడా అక్కడే దొరికింది. ఆ సినిమాలో కనిపించింది అమ్మమ్మ వీపూ పాదాలే. ఎలాగో ఆడింది. దాంతో రెండో భాగం మొదలెట్టాడు.

"పెద్దమ్మా, ఈసారి నీ మొహం కూడా చూపిస్తా" అన్నాడు.

"జనం జడుసుకుంటారంటావా?"

"జ్వరమొచ్చి మంచమెక్కుతారు."

తాతయ్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. "ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్నా. నాకు రాలేదే" అన్నాడు.

అమ్మమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది. ఒక్కరు, కనీసం ఒక్కరు తనని చూసి భయపడితే చాలనుకుంది.

కథ చిన్నదే. ఒక దర్జీ చివరి చొక్కా సగంలో ఉండగా పోతుంది. ఆ చొక్కా ఇంకెవరో పూర్తిచేస్తారు. అది వేసుకున్నవాణ్ణి వెతుక్కుంటూ దయ్యం వస్తుంది. చీకటి గదిలో కుర్చీలో బిగుసుకుపోయి వాడు, వెనకనించి పెద్ద కత్తెరతో అమ్మమ్మ. వచ్చి, చొక్కాని వీపు పొడవునా చీల్చాలి. అంతా బాగానే నడిచింది. తీరా దగ్గరికొచ్చాక, కాలరు కింద పోగొకటి వేలాడుతోంది.

అమ్మమ్మ పెద్ద కత్తెర చంకలో పెట్టుకుంది. మెళ్ళో చిన్న కత్తెర తీసి, పోగు టక్కున కత్తిరించి, వేలికి చుట్టుకుంది. కాలరు సర్దింది. అప్పుడు తను దయ్యమన్న సంగతి గుర్తొచ్చి, కళ్ళు పెద్దవి చేసి, చొక్కాని నిలువునా చీల్చేసింది.

గళ్ళచొక్కా తల పట్టుకున్నాడు. మళ్ళీ తియ్యడానికి రెండో చొక్కా లేదు. రాత్రికి కుట్టివ్వడానికి అమ్మమ్మ సిద్ధమే గానీ, కెమెరా సాయంత్రానికి తిరిగిచ్చెయ్యాలి. అది అలాగే ఉండిపోయింది.

వీధి చివరి హాల్లో మొదటి ఆట ఉదయం పడింది. వీధంతా వచ్చింది. మొదటి మూడు కథలకీ జనం బాగానే వణికారు. బట్టలుతికే మిషన్లోంచి చెయ్యి బయటికొస్తే ముందు వరసలో ఒకడు కాళ్ళు కుర్చీ మీదికి లాక్కున్నాడు. అమ్మమ్మ ఊపిరి బిగబట్టి తన కథ కోసం చూసింది.

కొవ్వొత్తి వెలుగులో ఆవిడ మొహం తెరంతా పరుచుకుంది.

"అదిగో, మన పిన్ని" అన్నారెవరో.

"పిన్నీ, నా ప్యాంటేమైంది?" అని ఇంకొకడు తెరనే నిలదీశాడు.

ఇక పోగు కత్తిరించినప్పుడు హాలు హాలంతా గొల్లుమంది. ఈలలు, చప్పట్లు. ఆ కత్తెర తగలని కాలరు ఆ హాల్లో ఒక్కటీ లేదు మరి. బయటికొస్తూ, "నవ్వి నవ్వి పొట్ట చెక్కలైందత్తా" అని ఒకావిడ మెచ్చుకుంది కూడా. అమ్మమ్మ నవ్వింది. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుని అదేపనిగా తొక్కింది. చాలాసేపటికి తాతయ్య గమనించాడు, సూదిలో దారం లేదు.

సాయంత్రం గళ్ళచొక్కా వేలాడేసిన మొహంతో వచ్చాడు. "ఆ పోగు ముక్క తీసేస్తా పెద్దమ్మా. అది లేకపోతే భయపడతారు" అన్నాడు.

"పోగెందుకు, నన్నే తీసెయ్ రా" అంది అమ్మమ్మ.

తాతయ్య గుండీ కుడుతూ తలెత్తలేదు. "ఊరి ఆ చివర హాల్లో కూడా ఆడుతోందిగా. అక్కడ మీ పెద్దమ్మకి బట్టలిచ్చినవాళ్ళు లేరు. ఒకసారి చూసొస్తాం. అప్పటిదాకా కత్తెర పెట్టకు" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆటకి ఇద్దరూ బస్సెక్కారు. గుర్తుపడతారేమోనని అమ్మమ్మ తలచుట్టూ పెద్ద గుడ్డ కట్టుకుంది. ఎవరూ గుర్తుపట్టలేదు. దానికి కొంచెం బాధపడింది కూడా.

పక్క సీట్లో ఒక నిండైన మనిషి పాప్‌కార్న్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "మొదటి భాగం కూడా చూశానండీ. ఇలాంటివి నాకు లెక్కే లేదు. మీకు భయమేస్తే నాతో చెప్పండి" అని అభయమిచ్చింది. ఆవిడ భుజం కుట్టు దగ్గర పోగొకటి వేలాడుతోంది. అమ్మమ్మ తన చేతిని తొడకింద పెట్టుకుని దానిమీద కూర్చుంది.

నాలుగో కథ మిషను చప్పుడుతో మొదలైంది. "అబ్బా, మళ్ళీ ఆవిడే" అని వెనకనించి గొణుగుడు వినిపించింది. పక్కావిడ నమలడం ఆపింది.

దయ్యం కుర్చీ వెనక్కొచ్చింది. పెద్ద కత్తెర చంకలో పెట్టుకుంది. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినపడేట్టుంది. టక్. పోగు నెమ్మదిగా వేలికి చుట్టుకుంది. కాలరు సర్దింది, తల్లి బిడ్డకి సర్దినట్టు.

"వద్దు" అని ఎవరో సన్నగా మూలిగారు.

అప్పుడు అమ్మమ్మ తెర చూడటం మానేసి జనాన్ని చూసింది. వరసలో ఒకరి తర్వాత ఒకరి చెయ్యి మెల్లగా తమ కాలరు మీదికి పోతోంది.

పక్కావిడ అమ్మమ్మ చేతిని తొడకిందనించి లాగి మరీ పట్టుకుంది. గోళ్ళు దిగాయి. కళ్ళు గట్టిగా మూసుకుని, "అయిపోయాక చెప్పండి" అంది.

"ఏం కాదులెండి. చొక్కా వరకే కత్తిరిస్తుంది."

"మీకెలా తెలుసు?"

"చూస్తే అలాంటి మనిషిలా లేదు."

దీపాలు వెలిగాయి. ఆవిడ చెయ్యి వదిలి, మొహం తుడుచుకుని, "పెద్దవారు పక్కనుండబట్టి సరిపోయింది" అనబోయింది. అమ్మమ్మ కళ్ళు మాత్రం ఆవిడ భుజం మీది పోగు మీదే ఉన్నాయి. సినిమా అంతా ఓర్చుకుంది. ఇక తన వల్ల కాలేదు. ముందుకు వంగేసరికి తలగుడ్డ జారింది. టక్. పోగు వేలికి చుట్టుకుని, "ఆఁ, ఇప్పుడు చెప్పండి" అంది.

పక్కావిడ ఆ వేలు చూసింది. తర్వాత మొహం చూసింది. పాప్‌కార్న్ డబ్బా ఎటు పోయిందో, ఆవిడ సీట్లు దాటుకుంటూ, ఒక చెప్పు వదిలేసి, గుమ్మంలోంచి మాయమైంది.

"అయ్యో, ఆ చెప్పు ఇచ్చి రండి" అంది అమ్మమ్మ.

"నేనెళ్తే ఇంకా జడుసుకుంటుంది. నేను దయ్యం మొగుణ్ణి" అన్నాడు తాతయ్య.

చెప్పుని గేటు దగ్గర మనిషికి అప్పగించి బస్సెక్కారు. దారంతా అమ్మమ్మ చేతి మీది గోళ్ళ గుర్తులు చూసుకుంటూనే ఉంది, కొత్త గాజులు చూసుకున్నట్టు. వీధి మలుపులో, "పిన్నీ, నా ప్యాంటు" అని కేకేశాడొకడు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి చూసింది.

"నిద్ర సరిపోలేదా పిన్నీ?" అన్నాడు వాడు.

అమ్మమ్మకి కోపం రాలేదు. "రేపు రా, ఇస్తా" అంది.

గళ్ళచొక్కాని పోగు ముక్క జోలికి పోవద్దంది. మూడో భాగానికి ఇప్పటినించే చొక్కా కుట్టి ఉంచుతానంది, ఈసారి రెండు. అన్నట్టే కుట్టింది. రెండిటికీ కాలరు కింద కావాలని పోగు వదిలింది. పొద్దున్న వదిలిన పోగుని మధ్యాహ్నానికి తనే కత్తిరించేసి, నాలిక కరుచుకుని, మళ్ళీ కుట్టి మళ్ళీ వదిలింది. చివరికి ఆ రెండు చొక్కాలనీ తాతయ్య బీరువాలో పెట్టి, తాళం చెవి తన జేబులో వేసుకోవాల్సొచ్చింది.