మొయినుద్దీన్ పాత అడ్రస్

గోదావరిఖనిలో మోటర్లకు వైండింగ్ చేసే మొయినుద్దీన్ పొద్దున్నే కళ్లద్దాలు ముక్కుమీదికి జార్చుకుని, ఈమధ్యే మార్చిన తన వెబ్‌సైటు పాత అడ్రస్ కొడతాడు. రెప్ప వేయడు. అది దానంతటదే కొత్త సైటుకు దూకగానే మొహం ముడుచుకుంటాడు.

"నడుమ ఎవడు మలుపుతున్నడు?"

"ఎవ్వరు లేరు కాకా. కొత్తదానికి పంపేటి ఆ రీడైరెక్ట్ తీస్తె గూగుల్ల ఎనుకవడ్తవ్," అంటుంది సైటు చేసిన సంతోషి.

నమ్మడు. వెనకటికి ఇతను దుకాణం మార్చినప్పుడు, పాతచోట టీకొట్టువాడు ఇతని గిరాకీనంతా తన బామ్మర్ది వైండింగ్ దుకాణానికే పంపాడు మరి. చివరికి పట్టుబట్టి రీడైరెక్ట్ తీయించాడు. నెల తిరిగేసరికి గూగుల్‌లో వెతికితే అందరికన్నా పైన ఆ టీకొట్టువాడి బామ్మర్ది పేరే ఉంది. ఇతనిది ఎక్కడో అడుగున. వార్నిష్ మరకల వేలితో తెరమీద టకటకా కొట్టాడు మొయినుద్దీన్. కళ్లు మెరిశాయి.

"సూసినవా బిడ్డా? ఇన్నొద్దులు మలిపింది వీడే!"