నా పన్ను సంగతి నాకు తెలీదా?

ఒక మనిషి నిక్షేపంలాంటి పన్నుని పట్టుబట్టి, కాగితం మీద సంతకం పెట్టి మరీ పీకించుకున్నాడంటే మీరు నమ్మరు. నమ్మాలి. ఆ మహానుభావుణ్ణి నేనే. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు సిగ్గు రాదు, ఒళ్లు మండుతుంది. నా మీద కాదు లెండి, నా తలకాయలో కూర్చున్న మెదడు మీద.

తొంభైల చివర్లో నేను కువైట్‌లో, హవల్లీలో టీవీలు బాగుచేసే కొట్లో మెకానిక్కుని. అప్పటి టీవీలకి వెనకాల గంపంత డొప్ప ఉండేది. వచ్చిన ప్రతివాడూ నాకు పాఠం చెప్పేవాడే. "పిక్చర్ ట్యూబ్ పోయింది, మార్చు" అని ఒకడు, "టీవీ నాది, నాకు తెలీదా?" అని ఇంకొకడు. నేను నవ్వి, "అయ్యా, లోపం కనిపించేది ఒకచోట, ఉండేది ఇంకోచోట" అని, లోపలెక్కడో నక్కిన చిన్న ముక్క మార్చి పంపేసేవాణ్ణి. ఈ గొప్ప మాట మా ఆవిడకి ఉత్తరాల్లో కూడా రాశాను. మీరు గుర్తుంచుకోండి. నేనైతే గుర్తుంచుకోలేదు.

పెళ్లయిన మూడో నెలలోనే ఆవిణ్ణి వదిలి వచ్చేశాను. రెండేళ్లకి ఆవిడకి వీసా దొరికింది. గురువారం విమానం. "మీకోసం డబ్బాడు చేగోడీలు తెస్తన్నానండీ. అన్నీ నా చేత్తో చేసినవే" అని ఫోన్లో మురిసిపోయింది వెంకటలక్ష్మి. సరిగ్గా దానికి ముందు శనివారమే నా కుడి దవడలో కింది పన్ను రాగం అందుకుంది. కొత్తపెళ్లాం మొదటిసారి చేసి తెచ్చిన చేగోడీలు ఆవిడ ఎదురుగా కరకరా నమలకపోతే నా కాపురం ఏం కావాలి? గురువారంలోగా ఈ పన్ను సంగతి తేలిపోవాలి.

సాల్మియాలో ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడది సిరియా. ఆవిడ ఇంగ్లీషుని నాకు తెలుగులో చెప్పే నర్సు రత్నకుమారిగారిది మన రావులపాలెం. డాక్టరమ్మ నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం పిడితో కింది పన్ను మీద తట్టి చూసి పెదవి విరిచింది. అద్దం పిడి పైపళ్ల వైపు తిప్పగానే నేను ఠక్కున నోరు మూసేశాను.

"నొప్పి కింద ఉంటే పైన వెతుకుతారేంటండీ?"

"అది కాదు తమ్ముడూ, పైపళ్ల నరాలూ కిందపళ్ల నరాలూ మెదడుకి పోయే దారిలో ఒక్కచోటే కలుత్తాయంట. కబురు ఎక్కణ్ణుంచొచ్చిందో ఒక్కోసారి మెదడు పొరబడుద్దంట" అన్నారు రత్నకుమారిగారు.

"అంటే నా మెదడు నాకే అబద్ధం చెబుతోందా?"

"అబద్ధం కాదు. నొప్పి నిజమే. చోటే తప్పేమో అంటన్నారు. ఒక్కసారి నోరు తెరు తమ్ముడూ, పైన తట్టి చూత్తారంట."

నోరు తెరిచాను. పరీక్షకి కాదు, పోట్లాటకి.

"నోరు నాది! నొప్పి నాది! నా పన్ను సంగతి నాకు తెలీదా? కిందిది పీకెయ్యండి!"

"చూడకుండా పీకేది లేదు" అంది డాక్టరమ్మ.

"ఖలాస్! ఇంక చాలు!" అని కుర్చీ దిగి వచ్చేశాను.

అర్దియాలో ఇంకో డాక్టరు దొరికాడు. కింది పన్ను మీద నువ్వుగింజంత నల్లమచ్చ చూసి, "ఇది పూడిస్తే చాలు, బంగారంలా ఉంటుంది" అన్నాడు. "పీకుతారా, ఇంకొకర్ని చూసుకోనా?" అన్నాను. ఆయన కాగితం ముందు పెట్టాడు. 'నా ఇష్టం మీదే' అని రాసి సంతకం చేశాను. సంతకం కింద గీత కూడా గీశాను. ఆ గీత తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే కొట్టాలనిపిస్తుంది.

మత్తు దిగాక నొప్పి తిరిగొచ్చింది, సరిగ్గా అదే చోటికి. పుండు నొప్పిలే అని సర్దిచెప్పుకున్నాను. గురువారం విమానాశ్రయంలో వెంకటలక్ష్మి కనబడిన దగ్గర్నుంచి గంటసేపు నొప్పి ఊసే లేదు. "పీకించి ఎంత మంచి పని చేశానో!" అని టాక్సీలో దారిపొడుగునా కోతలు కోశాను.

ఇంటికొచ్చాక ఆవిడ డబ్బా మూత తీసింది. జాగ్రత్తగా ఎడమపక్కన ఒక చేగోడీ కొరికి, ఫ్రిజ్జులో నీళ్లు గుక్కెడు తాగాను. అంతే, కెవ్వుమని మంచం మీద పడ్డాను.

"ఏవైందండీ? చేగోడీ రాయిలా ఉందా?" అంది. పాపం, కళ్లనిండా నీళ్లు.

"చేగోడీ కాదు లక్ష్మీ, పన్ను!"

"ఏ పన్నండీ?"

"ఇదిగో, ఇది" అని వేలు పెట్టి చూపించాను. ఆవిడ తొంగిచూసింది. మళ్లీ చూసింది.

"అక్కడ పన్నే లేదు కదండీ!"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను మందు దాకా కూడా పోలేదు, తిన్నగా ఊడబీకించేసుకున్నాను.

శనివారం వెంకటలక్ష్మి నన్ను సాల్మియాకి లాక్కెళ్లింది. రత్నకుమారిగారు నవ్వి ఉంటే పోట్లాడేవాణ్ణి, ఆవిడ నవ్వనైనా నవ్వలేదు. డాక్టరమ్మ అద్దం పిడితో కుడివైపు పైపన్ను మీద టక్కుమనిపించింది. ఎగిరిపడి నెత్తిమీద దీపానికి తల కొట్టుకున్నాను. ఆ పైపన్నుకి మత్తు సూది వెయ్యగానే, కింద లేని పన్ను నొప్పి ఆగిపోయింది! పాపం పైదానిది, ఉరి కిందదానికి.

"మరి విమానాశ్రయంలో గంటసేపు నొప్పి ఎందుకు లేదు?" అని గద్దించాను.

"మనసు సంతోషంలో ఉంటే మెదడే నొప్పి దారికి తలుపేసేత్తదంట తమ్ముడూ."

"తలుపుందా! మూయడం తెలిసుండి, వారం రోజులు బార్లా తెరిచి కూర్చుందా?" ఇంతకన్నా అన్యాయం ఎక్కడైనా ఉంటుందా, మీరే చెప్పండి.

వెంకటలక్ష్మి మెల్లిగా అంది: "మీరే కదండీ ఉత్తరాల్లో రాసేవోరు, లోపం కనిపించేది ఒకచోట, ఉండేది ఇంకోచోటని?"

నేను మళ్లీ నోరు తెరిచాను, ఈసారి పరీక్షకే. డాక్టరమ్మ పైపన్నుని పీకకుండానే లోపల శుభ్రం చేసి బతికించింది. వారం తర్వాత మళ్లీ వెళితే, "ఇప్పుడు ఎక్కడైనా నొప్పుందా?" అని అడిగించింది. నేను వెంకటలక్ష్మి మొహం చూశాను, అద్దం పిడి చూశాను.

"మీరు ఎక్కడంటే అక్కడేనండీ" అన్నాను.

కాబట్టి మిగిలిన ముప్పై ఒక్క పళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా, నా మెదడు ఇచ్చే చిరునామా పట్టుకుని నేను గుమ్మం దిగను. ఈ ప్రమాణం మీద కూడా సంతకం పెడతాను. కింద గీత మాత్రం గీయను.