రూతు పెళ్లిమాటల్లో నేను చేసిన ప్రార్థన

ఒక మనిషి ఒకే పూట రెండు కుటుంబాలకు చిన్నాయన కావడం, ఆ రెండింటిలో ఏ ఒక్కదానికీ చుట్టం కాకపోవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. అద్దంలో చూశాను. ఆ పూట నా మూలంగా ఒక మంచి సంబంధం గుమ్మం దాకా వెళ్లిపోయింది, నా నెత్తికి సంబంధించిన పరమ రహస్యం ఒక ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. మొహమాటపడకుండా నవ్వండి. ఇన్నేళ్లుగా ఊళ్లోవాళ్ల మీద మిమ్మల్ని నవ్వించాను, ఒక్కసారి నా వంతు రావడంలో అన్యాయమేమీ లేదు.

అప్పటికి నేను హనుమకొండలో ఒక దినపత్రిక బ్యూరోలో పనిచేస్తున్నాను. వయసు ముప్పై రెండు. జుట్టు రాలిన నెత్తి మాత్రం యాభై దాటింది. పేరున్నవాళ్లకు సొంత బతుకంటూ ఉండదని ఆ రోజుల్లో నా గట్టి నమ్మకం. కెమెరా ముందు నవ్వి పేరు తెచ్చుకున్నాక అదే కెమెరా వంటింట్లోకి వస్తే ఏడవడమేమిటని వాదించేవాణ్ని. ఆదివారం పేజీలో దీని మీద వ్యాసం కూడా రాసి, ‘దీపం కావాలనుకున్నవాళ్లు పురుగులను తిట్టకూడదు’ అని ముగించాను. చాలామంది మెచ్చుకున్నారు. ఆ వాక్యంలో పురుగు ఎవరన్నది అప్పట్లో నాకు తట్టలేదు.

ఇక రూతు. రఘునాథపల్లి పిల్ల. బస్సు కోసం ఎదురుచూస్తూ రాని బావను తిట్టే ఒక జానపద పాటలో ఆడిపాడింది. ఆ పాట ఫోన్లలో ఎంత తిరిగిందంటే, మా వీధి ఇస్త్రీ బండి దగ్గర రోజుకు ఇరవైసార్లు వినిపించేది. ఆమెను ఫోనులో రెండుసార్లు ఇంటర్వ్యూ చేశాను. ఎదురుపడింది లేదు. నా గొంతు తప్ప నా ముఖం ఆమెకు తెలియదు. ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి.

ఒక శుక్రవారం సాయంత్రం మా బ్యూరో సారు నన్ను పిలిచారు.

“రూతుకు సంబంధం కుదిరేటట్టుందట. రేపు పొద్దున వాళ్లింట్ల మాటలు. పిలగాడు ఎవరో ఎవ్వరికీ తెల్వదు. ఇద్దరూ కలిసున్న ఫొటో కావాలె.”

“మనల్ని పిలిచిన్రా సార్?”

“పిలిస్తే భోజనమైతది. పిలవకుంటేనే వార్త.”

మర్యాదకు రూతుకు ఫోన్ చేశాను. సంగతి నాకు తెలిసిందనగానే ఆ పిల్ల బతిమాలింది.

“అన్నా, నీకు దండం పెడ్త, రేపొక్కరోజు రావద్దు. ఆయన బడిల లెక్కలు చెప్తడు. ఖరారు కాకముందే ఫొటో బయటపడితే పిల్లలు ఆటపట్టిస్తరని వాళ్లమ్మ భయపడుతాంది. కెమెరా కనబడ్డదంటే సంబంధమే వద్దంటదట. నాకు ఆయన నచ్చిండన్నా.”

“అయ్యో, గంత మాటెందుకు చెల్లె! నేనెందుకొస్త?” అని భరోసా ఇచ్చి, ఫోన్ పెట్టేసి, దాన్నే చార్జింగులో పెట్టాను.

మర్నాడు తొమ్మిదింటికల్లా రఘునాథపల్లిలో ఉన్నాను. నా పథకం అద్భుతంగా ఉంది. తెల్ల చొక్కా, జేబులో ఫోన్, జేబు అంచు మీంచి గూట్లోని పిచ్చుకలా తొంగి చూసే లెన్సు. గేటు దగ్గర రెండు క్షణాలు నిలబడి, రెండు ఫొటోలు లాగి, బండెక్కడమే.

గేటు దగ్గర నిలబడి ఒక్క క్షణమైనా కాలేదు, రూతు తండ్రి యోహాను గారు చేతులు చాచుకుంటూ ఎదురొచ్చారు.

“రాండ్రి, రాండ్రి! స్టేషన్ ఘన్‌పూర్ నుంచేనా? మీరే ముందు వస్తరని ఫోన్ల చెప్పిన్రు. పిలగాని చిన్నాయన గదా?”

కాదనడానికి నోరు తెరిచాను. తల మాత్రం అప్పటికే ఊగేసింది. నా నెత్తిని చూసినవాళ్లెవరికైనా నేను ఎవరో ఒకరి చిన్నాయననే నమ్మకం కలగడం సహజం. కాళ్లకు నీళ్లిచ్చారు. పరుపు వేసిన కుర్చీలో కూర్చోబెట్టారు. గారెలు పెట్టారు. కోడికూర వాసన వస్తోంది. సత్యం చెప్పడానికి అది సమయం కాదని నాకే అనిపించింది.

పావుగంటకు మగపెళ్లివారి కారు ఆగింది. దిగింది ముగ్గురే. అబ్బాయి డేవిడ్, అతని తండ్రి, తల్లి శాంతమ్మ గారు. అసలు చిన్నాయన జ్వరమొచ్చి రాలేదని నాకు తర్వాత తెలిసింది. శాంతమ్మ గారు ప్రభుత్వ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆమె చూసిందంటే మనకు లేని జ్వరం కూడా బయటపడుతుంది. యోహాను గారు చాయ్ కోసం లోపలికి వెళ్లగానే ఆమె నా వైపు తిరిగింది.

“మీరు అమ్మాయికి ఏమైతరు?”

“చిన్నాయన” అన్నాను. అప్పటికి ఆ ఉద్యోగంలో నాకు పావుగంట అనుభవముంది.

రూతును తీసుకొచ్చి కూర్చోబెట్టారు. టైమ్ చూసుకుంటున్నట్టు నటిస్తూ ఫోన్ తీసి ఆరు ఫొటోలు కొట్టాను. పని అయిపోయింది. లేచి వెళ్లిపోతే ఈ కథే లేదు. కానీ కోడికూర ఇంకా దిగలేదు.

అంతలో యోహాను గారు, “పాస్టర్ అయ్యగారు వచ్చేసరికి ఇంకో గంట పడతదట. మొదలు ప్రార్థన చేసుకుందాం. అన్నా, పెద్దమనిషివి, జర నువ్వే చేయరాదు” అని నాకు చేతులు జోడించారు.

“అవునవును, మీరే చేయుండ్రి” అన్నారు శాంతమ్మ గారు. ఆడపెళ్లివారి పెద్దను గౌరవిస్తున్నానని ఆమె అనుకుంది, మగపెళ్లివారి పెద్దను గౌరవిస్తున్నామని వీళ్లు అనుకున్నారు. మా ఇంట్లో ప్రార్థనంటే అగరుబత్తి వెలిగించి గంట కొట్టడం. ఇక్కడ కళ్లు మూసుకుని, నోటితో, సొంత మాటల్లో దేవుడితో మాట్లాడాలి. అందరి తలలూ వంగాయి.

“ప్రేమగల ప్రభువా...” అని మొదలుపెట్టాను. అంతవరకే వచ్చు. ఆ తర్వాత నాలుగేళ్లుగా నా చేతికి అలవాటైన భాష నా నోటికొచ్చింది. “రఘునాథపల్లి మండల కేంద్రంలో శనివారం ఉదయం యోహాను గారి నివాసంలో పెళ్లిమాటల కార్యక్రమం ఘనంగా ప్రారంభమైంది ప్రభువా. ఈ సందర్భంగా పలువురు పెద్దలు మాట్లాడనున్నారు. కార్యక్రమాన్ని విజయవంతం చేయాలని నిన్ను కోరుచున్నాము...”

ఆగాలి. ఆగడం తెలియలేదు. జిల్లా పేజీ విలేకరికి ఏ వార్తయినా ఒకే వాక్యంతో ముగుస్తుంది.

“...ఈ కార్యక్రమంలో ఉభయ కుటుంబాల సభ్యులు, బంధుమిత్రులు, తదితరులు పాల్గొన్నారు. ఆమెన్.”

మూలన కూర్చున్న నాయనమ్మ ఒక్కతే భక్తిగా “ఆమెన్” అంది. కళ్లు తెరిచేసరికి రూతు నన్నే చూస్తోంది.

“నాన్నా, ఈయన పేపరాయన! నాకు గొంతు ఎరుకే!”

“పేపరాయనేంది? పిలగాని చిన్నాయన గదా!” అన్నారు యోహాను గారు.

“మా పిలగాని చిన్నాయన జరమొచ్చి ఇంటికాడ పండుకున్నడు. ఈయన మీ అమ్మాయి చిన్నాయననని నాతోటే చెప్పిండు!” అంది శాంతమ్మ గారు. లేచి నిలబడింది. “ముందే చెప్పినం, ఇసొంటియి మాకు పడవని. డేవిడ్, లెవ్వు. ఈ సంబంధం వద్దు.”

ఆమె చెప్పులేసుకుంది. యోహాను గారు గోడ పట్టుకున్నారు. డేవిడ్ లేవలేదు, కూర్చోలేదు, మధ్యలో వంగి ఆగిపోయాడు. అప్పుడైనా నేను క్షమాపణ చెప్పాల్సింది. చెప్పానా? ఉపన్యాసం మొదలుపెట్టాను. “అమ్మా, పేరున్నవాళ్ల గురించి తెలుసుకునే హక్కు ప్రజలకు...”

“పాటల రంగేసుకున్న ముఖం ప్రజలదే అన్నా. కడుక్కున్నంక మిగిలింది నాది” అంది రూతు. చేయి చాచింది. “ఫోన్ ఇయ్యి.”

ఇచ్చాను. తాళం తీసి మరీ ఇచ్చాను. ఆమె దాన్ని శాంతమ్మ గారి చేతిలో పెట్టింది. “అత్తమ్మా, ఫొటోలన్నీ ఇందులనే ఉన్నయి. మీ చేతితోనే తీసెయ్యండ్రి. తీసినంక కూడా పోతానంటే, నేను ఆపను.”

శాంతమ్మ గారు కళ్లద్దాలు సర్దుకుని ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టింది. ఆరూ పోయాయి. వేలు మాత్రం ఆగలేదు. ఏడో ఫొటో దగ్గర ఆమె కనుబొమలు పైకి లేచాయి.

“ఏందిది?”

పాఠకులారా, మీ దగ్గర దాపరికమెందుకు? అప్పట్లో నేను ఆదివారం ఆదివారం నెత్తికి ఉల్లిగడ్డ రసం పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు కట్టుకుని, వెంట్రుకలు మొలుస్తున్నాయేమో చూసుకోవడానికి పైనుంచీ పక్కలనుంచీ ఫొటోలు తీసుకునేవాణ్ని.

“అమ్మా, అవి నా సొంతవి! చూడొద్దు!” అని అరిచాను.

గది మొత్తం నా వైపు తిరిగింది. ఆ మాట నా చెవిన పడ్డాక నాకే ఎక్కడో తగిలింది.

“సొంతవా?” అంది శాంతమ్మ గారు నిదానంగా. “పొద్దుగాల పేపర్ల నీ పేరు పెద్దగ వస్తది గదా నాయనా. మరి ప్రజలు తెలుసుకోవద్దా?”

ఫోన్ చేతులు మారింది. యోహాను గారు చూశారు. నాయనమ్మ చూసి “అయ్యో, పుండా బిడ్డా?” అని జాలిపడింది. చివరికి డేవిడ్ చేతికొచ్చింది. అంతవరకు ఒక్క మాట మాట్లాడని ఆ లెక్కల సారు మొదటి ఫొటోనూ ఆఖరి ఫొటోనూ శ్రద్ధగా పోల్చి చూశాడు.

“తేడా సున్న, అమ్మా.”

ముందు రూతు నవ్వింది. కిందపడి దొర్లేంత నవ్వు. దాన్ని చూసి డేవిడ్, వాళ్లిద్దరినీ చూసి శాంతమ్మ గారు. నవ్వుతూనే ఆమె చెప్పులు విప్పి మళ్లీ కూర్చుంది. “కెమెరా పట్టుకున్నోని చేతిలకెళ్లి ఫోన్ గుంజుకున్నది పిల్ల. దీనికి నా కొడుకును అప్పజెప్పొచ్చు. చాయ్ తేండ్రి.”

సంబంధం ఖాయమైంది. నాకు కోడికూర కూడా పెట్టారు. పెట్టిన తీరు మాత్రం దవాఖానలో పథ్యం పెట్టినట్టుంది.

రెండు నెలలకు శాంతమ్మ గారు ఫోన్ చేశారు. “పెండ్లికి రా. తినుడే కాదు, పని ఉంది. చర్చి గేటు కాడ నిలబడాలె. బంధువుల లెక్క వేషం కట్టి వచ్చే పేపరోళ్లను గుర్తుపట్టుడు నీ అంత బాగా ఎవ్వరికీ రాదు.”

వెళ్లాను. ఏడుగురిని పట్టుకున్నాను. ఒకడు ఐస్‌క్రీం డబ్బా మోస్తూ వచ్చాడు, ఒకడు పెళ్లికొడుకు చిన్నాయననన్నాడు. ఎనిమిదోవాడు గోడెక్కుతుంటే కెమెరాకు చేయి అడ్డం పెట్టి కిందికి లాగాను. లాగాక తెలిసింది, వాడు మా పత్రిక ఫొటోగ్రాఫరే. కిందపడుతూ కూడా వాడు వృత్తిధర్మం మరువలేదు, ఒక ఫొటో కొట్టాడు. మర్నాడు మా పేపర్లో మూడు కాలమ్‌ల వెడల్పున బొమ్మ వేశారు. రూతు లేదు, డేవిడ్ లేడు. నోరు తెరిచి, చేయెత్తి, ఎండలో మెరిసే నెత్తితో నేను. కింద, నేనెవరో తెలిసి కూడా, పెద్దక్షరాల్లో: ‘మీడియాపై పెళ్లికూతురి చిన్నాయన వీరంగం’.

కాబట్టి దైవసాక్షిగా, ఆ దేవుడు ఏ మతం వాడైనా సరే, ప్రమాణం చేస్తున్నాను. పిలవని ఇంటి గేటు ముందు ఇక నిలబడను. నిలబడినా ఎవరికీ చిన్నాయనను కాను. నన్నెవరైనా ప్రార్థన చేయమంటే గొంతు బొంగురుపోయిందని సైగ చేస్తాను. ఆదివారాలు ఉల్లిగడ్డలను కూరలోనే వాడుతున్నాను.