వాయిదాల కీబోర్డు

సొంత చేతుల్తో సొంత కొంప ముంచుకున్న మనిషిని చూడాలని ఉందా? కలకత్తాలో ఖిదిర్‌పూర్ రండి, టీ కూడా నేనే ఇప్పిస్తాను.

మా తాతలు శ్రీకాకుళం నుంచి ఇక్కడి రేవులో పనికి వచ్చినవాళ్లు. ఇంట్లో మేం "ఏటి" అంటాం. ఫోన్లోని కీబోర్డేమో దాన్ని "ఏమిటి" అని దిద్దేస్తుంది. "ఇది నా మాట కాదురా, ఎవరో టీచరమ్మ మాట" అని అమ్మ విసుక్కునేది. అందుకని మా యాసను ఉన్నదున్నట్టు రానిచ్చే కీబోర్డు చేద్దామని కొందరం పూనుకున్నాం. జీతాల్లేవు. కోడ్ అందరిదీ, ఎవరైనా తీసుకోవచ్చు, దిద్దవచ్చు. విడుదల ఎప్పుడో తేల్చే పెత్తనం మాత్రం నాది.

మేం చేసినదాన్ని ఫోన్లో నొక్కి చూసి తప్పులు పట్టడం రూప పని. వాళ్లది సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్. బస్సెక్కి మా వీధి చివర టీ కొట్టుకు వచ్చేది. "అప్పారావ్ దాదా, ఇది పన్సెయ్యట్లేదు" అని ఆమె అంటే చాలు, తప్పు చేసినందుకు నాకు పండగలా ఉండేది.

ఫీచర్ ఫ్రీజ్ రోజున బల్ల మీద కూర్చుని ఉపన్యాసం దంచాను.

"ఇవాల్టి నుంచి కొత్తవేవీ సేర్చం. ఉన్న తప్పులు దిద్దుకోడమే. శుభలేఖ అచ్చయ్యాక పెళ్లికొడుకు పేరు మార్చమంటే కుదురుతాదేటి?"

రూప టీ ముంతలోకి చూస్తూ అడిగింది. "నాదో కొత్త మాటుంది. సెప్పొచ్చా?"

"ఏదైనా సరే, రిలీజయ్యాకే!"

"అయితే బేగి రిలీజ్ సేసీ."

బేగి, అంటే తొందరగా, చేసేస్తే? రూప మళ్లీ ఖిదిర్‌పూర్ ఎందుకొస్తుంది? ఆలస్యం అమృతం విషం అన్నది ఎవరోగాని, నాకైతే ఆలస్యమే అమృతం. ఫ్రీజ్ చేసిన నేనే దొంగచాటుగా కొత్త రంగులు చేర్చాను. కొత్తది చేరితే పాతది చెడుతుంది కదా, విడుదల వాయిదా. తర్వాత అక్షరం నొక్కగానే ఓడ కూత వినబడే ఏర్పాటు చేశాను. అమ్మ "అ" నొక్కేసరికి పక్కింటివాళ్లు వీధిలోకి పరిగెత్తుకొచ్చారు.

"ఏటిది? ఫ్రీజన్నావు గదా!" రూప నెత్తి కొట్టుకుంది.

"నాణ్యత రూపా, నాణ్యత!"

"రిలీజెప్పుడు?"

"దుర్గాపూజ అయ్యాక."

కలకత్తాలో ఆ మాటంటే ఎవరూ ఎదురడగరు. ఆ పూజ అయ్యాక కాళీపూజ ఉండనే ఉంది.

ఈ మధ్యలోనే ఆమె నన్ను దాదా అనడం మానేసి ఉత్త "అప్పారావ్" అనసాగింది. ఈ ఊళ్లో దాదా అంటే అన్న; చేపలమ్మేవాడి నుంచి బస్సు కండక్టరు దాకా అందరూ దాదాలే. ఒక అమ్మాయి పనిగట్టుకుని ఆ మాట తీసేసిందంటే ఏమిటర్థం? మీకు తెలిసిపోయింది. నాకేమో, వాయిదాలు వేసి వేసి మర్యాద పోగొట్టుకున్నాననిపించింది.

చలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం రూప వచ్చి బల్ల మీద పసుపు రాసిన శుభలేఖ పెట్టింది.

"ఎవరిది?"

"నాదే. ఖరగ్‌పూర్ సంబంధం." శుభలేఖ నా వైపు జరుపుతూ అంది. "నా కొత్త మాట నీ గురించే. రిలీజయ్యాక నీకు సెప్పి, నువ్వు ఊఁ అంటే మా నాన్నకి సెప్దామని ఆగేను. ఎన్నాళ్లని ఆగమంటావు?"

చేతిలోని టీ ఎప్పుడు ఒలికిందో నాకు తెలీదు. "రూపా, నువ్వు రావడం మానేస్తావనే రిలీజ్ ఆపేను. ఇప్పుడైనా సరే, మీ నాన్నతో నాను..."

ఆమె నా వంక చూసింది. కళ్లలో నీళ్లున్నాయి, పెదాల మీద నవ్వుంది.

"అచ్చయిపోనాది. పేరు మార్చమంటే కుదరదని నువ్వే గదేటి సెప్పినావు, దాదా?"

ఆ రాత్రే కీబోర్డు విడుదల చేశాను, ఓడ కూత తీసేసి. కాళీమాత సాక్షిగా, ఒలికిన టీ సాక్షిగా ఒట్టేశాను: ఇకమీదట ఫ్రీజంటే ఫ్రీజే, విడుదల ఒక్క పూటైనా ఆపను. అన్నట్టే ఆ తర్వాత ఏదీ ఆలస్యం కాలేదు. బేగి చెయ్యమనేవాళ్లే లేరు.