మెయిన్ ఆపినా ఆగని మీటరు

యలహంక పాతఊరిలో మేం అద్దెకున్నది రెండంతస్తుల ఇల్లు. కింద మేము, పైన ఇంటావిడ. తాతల కాలంలోనే అనంతపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళు వాళ్ళు. ఆవిడకు అరవై అయిదు దాటాయి. ఒక్కతే ఉండేది. నేను దగ్గరలోని ఒక స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, మధ్యాహ్నం రెండున్నరకల్లా ఇంటికి వచ్చేసేదాన్ని. మావారి ఆఫీసు బెళ్ళందూరులో. ఆయన ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోయేది.

ఆ వేసవిలో మా ఆడపడుచు పెళ్ళికి ఒంగోలు వెళ్ళి పది రోజులున్నాం. అప్పటికే మీటరు మీద నాకు చిన్న అనుమానం ఉంది. మేం వాడే దానికీ అది చూపించే దానికీ పొంతన కుదరడం లేదు. అందుకని వెళ్ళేముందు ఫ్రిజ్ ఖాళీ చేసి, మెయిన్ స్విచ్ ఆపేసి, మెట్ల కింద ఉన్న మీటరును ఫోన్లో ఫొటో తీసుకున్నాను. తిరిగొచ్చిన రోజు బ్యాగులు గుమ్మంలోనే వదిలేసి ముందు మీటరు దగ్గరికే వెళ్ళాను.

అంకె మారింది. పెద్దగా ఏం కాదు. కానీ తాళం వేసిన ఇంట్లో, మెయిన్ ఆపిన ఇంట్లో, ఒక్క యూనిట్ మాత్రం ఎందుకు కాలాలి?

"మీటరు పాడై ఉంటుంది. కంప్లైంట్ పెడదాం" అన్నారు మావారు. ఆ ఆదివారం సాయంత్రం ఆయనే మెయిన్ ఆపి, మీటరు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. కరెంటు వాడుతున్నంతసేపూ మిణుకుతూ ఉండాల్సిన చిన్న ఎర్ర లైటు అరగంటసేపు ఒక్కసారీ మిణకలేదు. "చూశావా, ఏం లేదు" అంటూ లేచి వెళ్ళిపోయారు.

కంప్లైంట్ పెట్టాక కరెంటాఫీసు నుంచి మనిషి వచ్చాడు. హిందూపురం వైపు వాడు. మా మీటరు పక్కనే ఇంకో మీటరు బిగించి, రెండు వారాల తర్వాత వచ్చి రెండు అంకెలూ పోల్చి చూసుకున్నాడు.

"మీటరు సరిగ్గానే ఉండాదక్కా. దాని తప్పేం లేదు" అన్నాడు.

ఆ మాటతో నాకు నెమ్మది కలగాలి. కలగలేదు. మీటరు అబద్ధం చెబుతోందని అనుకున్నన్నాళ్ళూ నాకు చిరాకే తప్ప భయం లేదు. అది నిజమే చెబుతోందంటే మాత్రం, ఈ ఇంట్లో మాతో పాటు ఇంకెవరో ఉన్నారన్నమాట.

అప్పటినుంచీ స్కూలు నుంచి రాగానే మెట్ల కిందకు వెళ్ళడం అలవాటైపోయింది. ఒకరోజు మూడు దాటాక మెయిన్ ఆపి చూస్తూ నిలబడ్డాను. ఎర్ర లైటు మిణికింది. నా చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది. మళ్ళీ మిణికింది. ఆగకుండా, ఒకే వేగంతో మిణుకుతూనే ఉంది. లోపలికి పరిగెత్తి ఇల్లంతా చూశాను. ఫ్యాన్లు ఆగిపోయాయి, ఫ్రిజ్ చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో వంటింటి వెనక గోడలోంచి ఒక చప్పుడు వినిపించింది. సన్నటి గురగుర. మధ్యమధ్యలో బరువుగా ఊపిరి వదిలినట్టు ఒక బుస్సు. మళ్ళీ గురగుర, మళ్ళీ ఊపిరి.

గోడకు చెవి ఆనించాను. గోడ వెచ్చగా అనిపించింది. నిజంగా వెచ్చగా ఉందో, నా భయమో, ఇప్పటికీ చెప్పలేను.

అయిదు దాటేసరికి చప్పుడు ఆగింది. లైటూ ఆగింది. మావారితో చెబితే, "నీకు రెస్ట్ కావాలి" అన్నారు. మర్నాడూ అదే వేళకు మొదలైంది. ఆ మర్నాడూ అంతే. నేను వంటింట్లోకి వెళ్ళడం మానేసి, ఆ రెండు గంటలూ వీధి అరుగు మీద కూర్చునేదాన్ని. అంత భయంలోనూ ఆ చప్పుడు మొదలైందో లేదోనని చెవులు అటే ఉండేవి. మొదలుకాకపోతే ఇంకా భయమేసేది.

ఆ గోడ అవతల ఏముందని ఒకసారి ఇంటావిడను అడిగాను.

"ఏం లేదు పాపా. పాత సామాన్లు ఉండాయి, అంతే" అంది. నా ముఖం చూడకుండా అంది.

చివరికి ఆ హిందూపురం అతన్నే మళ్ళీ పిలిపించాను, మూడింటికి రమ్మని. మెయిన్ ఆపినా మిణుకుతున్న లైటును అతనూ చూశాడు. మీటరు బోర్డు విప్పాడు. మీటరుకూ మెయిన్ స్విచ్చుకూ మధ్య నుంచి ఒక పాత వైరు చీలి గోడలోకి దూరి ఉంది.

"దీన్ని కట్ చేస్తే సరి" అంటూ కటింగ్ ప్లయర్ తీశాడు.

మా మాటలు వినబడ్డాయేమో, పెరటి వైపు నుంచి ఇంటావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆవిడ పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"కట్ చెయ్యొద్దప్పా! నీకు దండం పెడతా, కట్ చెయ్యొద్దు!"

నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది. నీళ్ళ ట్యాంకు చాటున ఒక తలుపుంది. లోపల ఒక మంచం, దాని మీద ఉతికిన దుప్పటి. మంచం పక్కన, నడుం ఎత్తున ఒక తెల్ల మిషన్ గురగురమంటోంది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్. దాని గొట్టం దిండు మీద పెట్టి ఉంది.

"మా ఇంటాయన రూమిది. ఆయప్ప ఊపిరితిత్తులు చెడిపోయినాక దీంతోనే బతికినాడు" అంది ఆవిడ. "ఆ పొద్దు గాలీ వానా. ఎక్కడో కొమ్మ ఇరిగి లైను మీద పడింది. కరెంటు పాయ. నేను పైకి పోయి సిలిండరు దింపుకొచ్చేలోపల మిషన్ శబ్దం లేదు, ఆయప్ప శబ్దమూ లేదు."

అది మధ్యాహ్నం మూడింటికి జరిగిందట.

"ఆ టైముకు ఈ రూము అట్ల సద్దు లేకుండా ఉంటే నాకు చేతగాదు పాపా. దీన్ని వేసుకొని సుమ్నే, ఊరికే కూర్చుంటా. రెండు గంటలు. మళ్ళీ ఆపేస్తా, నా చేత్తోనే. ఇది మీ మీటర్లో తిరుగుతుందని నాకు తెల్దు, దేవుని మీద ఒట్టు."

ఒకప్పుడు కింద భాగమంతా వాళ్ళే వాడుకునేవారు. అద్దెకివ్వడానికి మధ్య తలుపు తీసేసి గోడ కట్టించారు, వైరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఎన్ని రోజులు నన్ను భయపెట్టారని అడుగుదామనుకున్నాను. దిండు మీది ఆ గొట్టం చూశాక, ఆ మాట మాని దుప్పటి అంచు సర్దాను. హిందూపురం అతను కూడా గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడ్డాడు. మర్నాడు వచ్చి ఆ వైరును ఆవిడ మీటరుకు మార్చి వెళ్ళాడు.

ఆ తర్వాత నేను వంటింట్లో నిర్భయంగా తిరిగాను. మూడింటికి గోడ అవతల ఊపిరి మొదలైతే, ఆవిడ వచ్చి కూర్చుందనుకునేదాన్ని. ఒక్కోసారి టీ పట్టుకెళ్ళి మంచం కాళ్ళ దగ్గర నేనూ కూర్చునేదాన్ని.

వానాకాలం చివర్లో ఒకరోజు ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మిషన్ నిలిచిపాయ పాపా. కాలిన వాసన వచ్చి నిలిచిపాయ."

వెళ్ళి చూశాను. ప్లగ్గు తీసి పెట్టాను. రిపేరు చేసేవాణ్ణి పిలుద్దామంటే వద్దంది. "అది పోతే నేనూ పోతాననుకొంటిని. ఇంకా ఉండా సూడు" అని నవ్వబోయి, మంచం పట్టె పట్టుకుని కూలబడింది. చీకటి పడేదాకా ఆవిడ పక్కనే కూర్చున్నాను. వారం తర్వాత పాత సామాన్లు కొనేవాడు వచ్చి మిషన్ని బండి మీద తీసుకెళ్ళాడు. మంచం కూడా ఇచ్చేసింది. గది కడిగించి తాళం వేసింది.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం వంటింట్లో నిలబడి కూర తరుగుతున్నాను. మూడు దాటింది. గోడలోంచి గురగుర వినిపించింది. తర్వాత ఊపిరి వదిలినట్టు బుస్సు. కత్తి కింద పెట్టేశాను. చెవుల్లో ఉండిపోయిన చప్పుడే అనుకున్నాను. మర్నాడూ వినిపించింది. మావారికి చెప్పలేదు. ఇంటావిడకు చెప్పడానికి అసలు మనసు రాలేదు. తేరుకుంటున్న మనిషి కదా.

కొన్ని వారాలు గడిచాక ఆవిడే ఒకరోజు కరివేపాకు కోసమని వచ్చింది. నా వంటింట్లో, ఆ గోడ పక్కనే నిలబడింది. ఆకు చేతిలో పెట్టినా కదల్లేదు. గడియారం వంక చూసింది, మూడు దాటింది.

"పాపా" అంది చాలా మెల్లగా. "నీకూ వినపడతా ఉండాదా?"

అబద్ధం చెబుదామనే అనుకున్నాను.

"వినబడుతోంది ఆంటీ" అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుని పెద్ద నిట్టూర్పు విడిచింది. "నాకొక్కదానికే అనుకొంటి" అంది. కరివేపాకు కొంగులో వేసుకుని, అరచేయి ఒక్క క్షణం గోడకు ఆనించి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.