మూడో ఫ్లాస్క్

పదకొండేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. చిన్న మాటే. అది అబద్ధమా, కాదా అని ఇన్నేళ్లూ నాతో నేనే వాదించుకున్నాను. మీకు చెబుతాను. మీరే చూడండి.

సిద్దిపేటలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివే రోజులవి. ప్రాజెక్టులో నాకు జోడీ స్వరూప. చింతమడక నుంచి రోజూ ఆటోలో వచ్చేది. వాళ్ల అమ్మా నాయినా కూలికి పోయేవాళ్లు. నేను మార్కుల కోసం చదివేదాన్ని. ఆమెకు మాత్రం ప్రతిదీ ఎందుకో తెలియాలి.

మా ప్రాజెక్టు బ్యాక్టీరియా ఒంటిపొర గురించి. ఆ పొర చాలావరకు కొవ్వే. చలికాలం నెయ్యి పేరుకుంటుంది, పల్లీనూనె పేరుకోదు, చూసే ఉంటారు. బ్యాక్టీరియా పొర కూడా నెయ్యిలా బిగుసుకుపోతే లోపలికి తిండి అందదు. అందుకే చల్లబడితే అది తన పొరలో నెయ్యిలాంటి కొవ్వు తగ్గించి, నూనెలాంటి కొవ్వు పెంచుకుంటుంది. వేడెక్కితే మళ్లీ తిరగేస్తుంది. కన్ను లేదు, నరం లేదు, మెదడు లేదు. మరి చలి అని దానికి ఎవరు చెబుతారు? కొన్ని రకాల్లో పొరలోనే ఒక ప్రోటీన్ కూర్చుని ఉంటుందట. చలికి పొర మందమైతే అది పసిగట్టి లోపలికి కబురు పంపుతుందట. అది చదివిన రోజు స్వరూప టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

"గింత జీవికి గీ ఇగురం, గీ తెలివి ఎవరు నేర్పిన్రే?" అంది.

ఆరు గాజు ఫ్లాస్కుల్లో ఒకే బ్యాక్టీరియా వేశాం. మూడు వెచ్చగా ఉంచాలి. మూడు చల్లటి ఇంక్యుబేటర్లో నాలుగు రోజులు ఉంచాలి. పెట్టడం నా పని. తీసి కొవ్వు వేరు చేయడం స్వరూప పని. గురువారం సాయంత్రం చేర్యాల బస్సు తప్పుతుందన్న గాభరాలో నేను చల్లటి దాంట్లో రెండే పెట్టాను. సోమవారం పొద్దున వచ్చి చూస్తే మూడోది బల్ల మీదే, నీళ్ల డబ్బా వెనక ఉంది. ఏప్రిల్ నెల. ఆ గది ఎంత ఉడికిపోయి ఉంటుందో. పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి. మా ప్రాజెక్టు సార్ తిడతారు. ఎవరూ చూడలేదు. గబుక్కున లోపల పెట్టి తలుపు మూశాను. అరగంటకు స్వరూప వచ్చి మూడూ తీసుకుంది.

ఆ కొవ్వును పరీక్షకు పంపిన హైదరాబాద్ ల్యాబు నుంచి ఫలితాలు వచ్చాయి. రెండు చల్లటి ఫ్లాస్కుల్లో నూనె కొవ్వు పెరిగింది. మూడోదాంట్లో పెరగలేదు. ఆ బ్యాక్టీరియా ఎక్కడ బతికిందో దాని పొరే చెప్పేసింది. కానీ ఆ మాట అర్థమైంది నాకొక్కదానికే.

సార్ ఇద్దర్నీ పిలిచారు.

"స్వరూపా, సీసాలు తారుమారైనయా?"

"లేదు సార్. నంబర్ చూసే తీసిన."

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు మూడూ చల్లగ పెట్టినవా?"

"పెట్టిన సార్."

పెట్టాను కదా, ఆ పొద్దున. అలా సర్దిచెప్పుకున్నాను. అప్పుడు ఉన్నది భయమే, కుట్రేమీ లేదు. నిజమేనా? మరి హైదరాబాద్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా స్వరూపను పంపుతానని ఏడాదంతా చెప్పిన సార్, ఆమె చెయ్యి నిలకడగా లేదని నా పేరు రాసినప్పుడు నేనెందుకు నోరు విప్పలేదు? దానికి భయం అన్న జవాబు చాలదు. నాకు ఆ ఉద్యోగం కావాలనిపించింది. వెళ్లాను. ఇప్పుడు లెక్చరర్‌ని.

పోయిన నెల అమ్మకు షుగర్ పరీక్ష చేయించడానికి సిద్దిపేటలో ఒక రక్తపరీక్షల సెంటర్‌కు తీసుకెళ్లాను. రక్తం తీసేది స్వరూప. ట్యూబు మీద అమ్మ పేరు రాసింది. పైకి చదివింది. మళ్లీ చదివింది. మూడోసారి అమ్మనే పేరు చెప్పమని అడిగి సరిచూసుకుంది. తర్వాత నన్ను చూసి నవ్వింది.

"ఆ మూడో ఫ్లాస్క్ యాదికున్నదానే? నేనింక సోంచాయిస్తనే ఉంట. సలికి మారని రకమేమన్న పుట్టిందా అనిపిస్తది. లేకుంటె నా చెయ్యే తప్పిందో. నీకేమన్న తెలిసిందా?"

"తెల్వదే," అన్నాను. ఇది అబద్ధమా కాదా అని వాదించుకోవాల్సిన పని లేకపోయింది.

వారం తర్వాత ఒక్కదాన్నే వెళ్లి చెప్పాను. బస్సు, బల్ల, నీళ్ల డబ్బా, ఆ అరగంట, అన్నీ. స్వరూప చేతికి వేసుకున్న తొడుగులు మెల్లగా తీసింది.

"ఎన్ని దినాలు బయటున్నది?"

"నాలుగు."

కాసేపు ఆలోచించింది. ఆ ముఖంలో కోపం వెతికాను. ముందు కనబడింది పాత స్వరూపే, లెక్క తేలుతుంటే కళ్లు చిన్నవి చేసే స్వరూప.

"అయితే అది మంచిగనే పని చేసింది," అంది. తొడుగులు బుట్టలో వేసి, "నేను గూడ," అంది.

తర్వాతి మనిషిని పిలిచింది. మళ్లీ నా వైపు చూడలేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగే ముఖం లేదు.

రిటైరైన సార్‌కు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. వస్తే ఏం మారుతుంది? స్వరూప వెళ్లాల్సిన బస్సు ఎక్కి నేను వెళ్లాను. చెప్పినంత మాత్రాన అది వెనక్కి రాదు. అయినా చెప్పాను. ఇప్పుడు మీకూ చెప్పాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతే.