సెక్రటరీ గారి కాటా

మంగళవారం పొద్దున్న మా సెక్రటరీ గారు పోయారు. గుడివాడ ఆసుపత్రి నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేసి చెప్పేటప్పటికి ఫ్యాక్టరీ ముందు మూడు పడవల వాళ్ళు ఐసు కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళకి దిమ్మలు వేయించి పంపాకే గేటు మూయించాను. ఆయన ఉన్నా అలాగే చెయ్యమనేవారు.

బందరులో ఆయన ఐసు ఫ్యాక్టరీ యజమాని. అయినా ఓనరు గారని పిలిచినవాళ్ళు తక్కువ. జిల్లా కబడ్డీ సంఘానికి చాలా ఏళ్ళు కార్యదర్శిగా చేశారు గనక అందరికీ సెక్రటరీ గారే. నేను ఆయన దగ్గర కాటా గుమస్తాని. ఐసు అమ్మడంతో పాటు ఫ్యాక్టరీ షెడ్డులో చేపలూ రొయ్యలూ తూచేవాళ్ళం. తూచి రాయడం నా పని.

ఆయనది గుడివాడ. కుర్రతనంలో కబడ్డీ ఆడి మోకాలు పోగొట్టుకున్నారు. రైసుమిల్లులో పనిచేసి, తొంభైల మొదట్లో బందరు వచ్చి ఫ్యాక్టరీ పెట్టారు. అప్పట్లో కృత్తివెన్ను నుంచి కోడూరు దాకా వరిచేలు రొయ్యల చెరువులవుతున్నాయి. ఐసు ఎంత చేసినా చాలేది కాదు. తరవాత రొయ్యలకి తెగులు వచ్చి చెరువులు ఎండబెట్టుకున్నప్పుడు కొందరు ఫ్యాక్టరీలు మూసేశారు. ఆయన సముద్రం పడవలని నమ్ముకుని నెట్టుకొచ్చారు. ఆ కష్టం గురించి ఆయన ఎవరికీ చెప్పగా నేను వినలేదు. కోడూరులో కబడ్డీ కోర్టు వేసిన సంగతి మటుకు ఎంతసేపైనా చెప్పేవారు.

దివిసీమలో ఆ వైపు మట్టిలో గుల్లలు ఎక్కువ. పడితే మోకాళ్ళు కోసుకుపోతాయి. అందుకని మట్టి జల్లెడ పట్టించి, పరిపించి, తడిపించి, ఆరాక ఆయనే చెప్పులు విప్పి ఈ గీత నుంచి ఆ గీత దాకా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేవారు. కాలికి గుల్ల తగిలితే వంగి ఏరి జేబులో వేసుకునేవారు. చొక్కాలు ఉతికేటప్పుడు ఆ జేబులు దులపలేక వాళ్ళావిడ విసుక్కునేవారు. బహుమతుల రోజున ఫోటోగ్రాఫరు తన వైపు తిరిగితే, "నన్నెందుకయ్యా, కప్పు పుచ్చుకునే పిల్లని తియ్యి" అనేవారు.

ఇప్పుడు రాస్తున్నది ఇన్నేళ్ళూ నేను బయటపెట్టలేదు.

తొంభైల చివర్లో ఒక సంవత్సరం బాలికల జట్టుని రాష్ట్ర పోటీలకి తీసుకెళ్ళాలి. పన్నెండుగురిలో ఎక్కువమంది వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలు. కెప్టెన్ నాగమణి బందరు రేవు పిల్ల. ఆ వయసు పోటీలకి బరువు హద్దు ఉంటుంది. బయలుదేరడానికి వారం ముందు ఆయన పిల్లల్ని మా షెడ్డుకి తెచ్చి కాటా ఎక్కించారు.

మా కాటాకి ఒక పద్ధతి ఉంది. చేపల్ని తడి గంపతో సహా తూస్తాం గనక, గంప బరువూ కారే నీళ్ళ బరువూ పోయేలా పొద్దున్నే ముల్లుని సున్నాకి వెనక్కి తిప్పి పెడతాం. దాన్ని తరుగు పెట్టడం అంటాం. వేరే ఏది తూచాలన్నా ముందు ఆ తరుగు తియ్యాలి. ఆ రోజు నేను తియ్యలేదు. మరిచిపోయాను. చేపలు తెచ్చిన ఒకావిడ, "ఏంటి సెక్రటరీ గారూ, పిల్లల్ని కూడా ఐసులో పెట్టి పంపిస్తారా?" అంది. అందరూ నవ్వారు. నేను అంకెలు చెప్పాను. ఆయన రాసుకుని సంతకం పెట్టారు.

పోటీల దగ్గర తూస్తే ఆరుగురు హద్దు దాటారు. ఏడుగురు లేనిదే జట్టు దిగదు. ఒక్క ఆట ఆడకుండా అందరూ తిరిగొచ్చారు. దొంగ బరువులు రాసి పెద్ద పిల్లల్ని తెచ్చాడని ఆయన మీద ఫిర్యాదు వెళ్ళింది. పది రోజులకి విచారణకి పిలిచారు. తరుగు సంగతి నాకు అప్పటికి తట్టింది. ఆయన బయలుదేరుతుంటే వెళ్ళి, తప్పు నాదండీ, నేనూ వచ్చి చెప్తాను అన్నాను.

"కాటా దగ్గర తప్పు చేశాడని పేరొస్తే నిన్ను మళ్ళీ ఎవరు కూచోబెడతారయ్యా?" అన్నారు. "చూసుకోకుండా సంతకం పెట్టింది నేను. నువ్వు పని చూసుకో."

కాటా నాది, సంతకం నాది అని తప్ప అక్కడ ఆయన ఇంకేమీ చెప్పలేదట. రెండేళ్ళు పదవి నుంచి తప్పించారు. గుడివాడ పోటీల్లో ఆయనకి వినపడేలాగే దొంగ బరువుల సెక్రటరీ అన్నవాళ్ళున్నారు. ఆయన జనంలో కూచుని ఆట చూసి బస్సెక్కి వచ్చేసేవారు. కోడూరు కోర్టుకి మట్టి జల్లించడం మానలేదు. రెండేళ్ళయ్యాక మళ్ళీ ఆయన్నే ఎన్నుకున్నారు. అప్పటినుంచి తూకానికి ముందు పిల్లల కళ్ళెదుటే ఇరవై కిలోల రాయి పెట్టి ముల్లు చూపించేవారు. "ఆడేవాళ్ళు గీత చూసుకోవాలి, ఆడించేవాడు ముల్లు చూసుకోవాలి" అనేవారు. ఆ మాట అనేటప్పుడు ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

ఆ ఆరుగురిలో మళ్ళీ కోర్టులో దిగింది ఇద్దరే. నాగమణి పట్టుబట్టి ఆడి పోలీసు ఉద్యోగం తెచ్చుకుంది. దిగని నలుగురూ కాటా ముందు కూచున్నప్పుడల్లా నాకు గుర్తొస్తారు.

ఆయన్ని బందరు ఇంటికి తెచ్చాక నాగమణి డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. వెనక ఇప్పటి జట్టు పిల్లలు. గేటు బయట ఆమెని ఆపి, ఆ రోజు తరుగు తియ్యనిది నేనేనమ్మా అని చెప్పాను.

"బాబాయ్, ఆ కాటా మీద మా అమ్మ రోజూ చేపలు తూయించేది. గంపకి ఎంత తరుగో నాకు తెలీదా? ఎక్కగానే తెలిసిపోయింది, తగ్గించి చూపిస్తోందని. చెప్తే నన్ను తీసేస్తారని ఊరుకున్నా."

సెక్రటరీ గారికి చెప్పావా అని అడిగాను.

"తిరిగొచ్చిన మర్నాడే. ఏడుస్తూ చెప్పాను."

"ఏమన్నారు?"

"కోర్టు ఎండిపోయింది, రెండు బిందెలు నీళ్ళు పట్టుకురా అన్నారు."

అంటే విచారణకి వెళ్ళేనాటికి మా ఇద్దరి సంగతీ ఆయనకి తెలుసు. నా తప్పు ఆ పిల్లకి చెప్పలేదు. ఆ పిల్ల తప్పు నాకు చెప్పలేదు.

దుమ్ము లేవకుండా వాకిట్లో ఎవరో నీళ్ళు చల్లారు. నాగమణి బూట్లు విప్పి, వంగి, కోర్టులోకి దిగేముందు చేసినట్టే వేళ్ళతో నేల తాకి కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళింది. వెనక పిల్లలు కూడా ఒకరి తరవాత ఒకరు అక్కడే వంగారు. అందరూ లోపలికి వెళ్ళాక చూస్తే ఆ తడి మట్టిలో వాళ్ళ వేళ్ళ గుర్తులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. తరవాత వచ్చినవాళ్ళు వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచారు.